చేతులు కనిపించని గెలాక్సీలు

1983 జూన్ 6

ఇవాళ ల్యాబ్‌లో మా గైడ్ దివాకర్ సార్ నా రిజిస్టర్ తెరిచి, ఒక ప్రింట్ మీద వేలు పెట్టారు. "ఏమ్మా రామసుబ్బమ్మా, దీన్ని ఎలిప్టికల్ అని రాసినావే, చేతులు కనపడలేదా?" అన్నారు.

చూశాను. నెగెటివ్ ప్రింట్. తెల్లటి ఆకాశంలో నల్లటి మచ్చ. అంతే.

కనపడుతున్నాయి సార్, పొరపాటున రాశాను అన్నాను.

అబద్ధం.

జూన్ 7, ఉదయం 11

ఆరువందల గెలాక్సీలు. ప్రింట్లు చూసి ఒక్కోటీ ఏ రకమో రాయడం నా పని. గుండ్రంగానో కోలగానో నునుపుగా ఉంటే ఎలిప్టికల్. చేతులు చుట్టుకుని ఉంటే స్పైరల్. నడిమధ్య కడ్డీ ఉండి, దాని కొసల నుంచి చేతులు మొదలైతే బార్డ్ స్పైరల్. ఏ ఆకారమూ లేకపోతే ఇర్రెగ్యులర్. నిద్రలో అడిగినా చెబుతాను.

ఇవాళ పది చూస్తే ఎనిమిది ఎలిప్టికల్. అన్ని ఉండవు.

జూన్ 9

అమ్మకు నలభై ఏళ్లకు చూపు పోయింది. నాకు ముప్పైనాలుగు.

జూన్ 13

అనంతపురంలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని బళ్లారి వెళ్లాను. కంటి నరం ఎండిపోతోందట. పోయింది రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలవొచ్చు అన్నాడు డాక్టర్. "ఎప్పట్నుంచి తగ్గిందమ్మా?" అని అడిగాడు. తెలియదన్నాను.

తిరుగు బస్సులో ఒక్కో కన్నూ మూసి బోర్డులు చదివాను. కుడికన్ను మూస్తే 'ఉరవకొండ' అన్న బోర్డులో చివరి రెండక్షరాలు లేవు.

జూన్ 15

సార్‌కు చెప్పేశాను. అచ్చుకు పంపబోయే రీసెర్చ్ పేపర్ మీద అప్పటికే మా ఇద్దరి పేర్లు టైప్ చేసి ఉన్నాయి. "ముందే చెప్పింటే ఏమయిండేదమ్మా? తప్పు లెక్క నీ పేరు మీద పోతాండె గదా" అన్నారు. ఆరువందలూ మళ్లీ ఆయనే చూస్తానన్నారు.

జూన్ 24

మొదటి నాలుగువందల పది సరిగ్గా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. 411 నుంచి స్పైరల్స్ ఒకటొకటిగా ఎలిప్టికల్స్ అవుతూ వచ్చాయి. పోనుపోను కడ్డీలూ మాయమయ్యాయి.

411 పక్కన నా చేతిరాతలోనే తేదీ ఉంది. మార్చి 3. డాక్టర్‌కు చెప్పాల్సిన జవాబు అదే. ఆ రోజు ఉత్సాహంగా నలభై చూశానని కూడా రాసుకున్నాను.

జూన్ 25

సార్ నా పేరు తీసేయలేదు. ఇక ప్రింట్లు మాత్రం ఇవ్వరు.

జూన్ 26

అమ్మకు చెప్పాను. ఏడవలేదు. విత్తనానికి ఒలిచిన వేరుశనగ పప్పుల చేట నా ఒళ్లో పెట్టి, "కండ్లు మూసుకో. పుచ్చులు ఏరు" అంది.

పదకొండు వదిలేశాను. అవన్నీ అమ్మ వేళ్లకు దొరికాయి.

ఆ తర్వాత కళ్లు తెరవడానికి భయమేసింది.