వాలిన కొమ్మలు

విజయరాణికి, ఒంట్లో బాగానే ఉంది. ఫోన్ చేస్తే నా ఏడుపు వింటావని కార్డు రాస్తున్నాను.

ఇక్కడ ఖతర్‌లో, లుసైల్‌లో నేను తోటపని చేసే విల్లాలో, ఏసీ హాల్లో, బయటి దేశం నుంచి తెచ్చిన ఎల్మ్ చెట్టు ఉంది. కొమ్మలన్నీ నేలకు వాలి ఉంటే, మన మిరపచేలో లాగా ఎండుతెగులు అనుకొని కోసేశాను. మన దిక్కువాడే, సూపర్‌వైజర్ జహాంగీర్ తల పట్టుకున్నాడు. "అరే నర్సింలు, గా చెట్టు రూపమే గట్ల వంగుడు! అంటు కట్టిన కొమ్మలన్నీ కోసినవ్. ఇగ మొదలుకెళ్లి నిటారు కొమ్మలే వస్తయ్, మల్ల వంగది."

కంపెనీ నా సెలవు ఆపింది. పాప పుట్టువెంట్రుకలకు రాలేను. మీ అన్న ఒళ్లో కూర్చోబెట్టి తీయించు. మా అమ్మకు బీపీ గోళీలు ఉన్నాయా? ఆమెకు నా దండాలు చెప్పు.

వెంట్రుకలు దేవుడివే, తెలుసు. అయినా ఒక్క పాయ దాచు. పాప కళ్ల మీదికి వాలే ఆ జుట్టును నేను ఒక్కసారీ నిమరలేదు.

నర్సింలు