నీళ్ళు తగలనివ్వకండి

పిట్టలలంక,
2007 జూలై 9

గౌరవనీయులైన షంషున్నీసా టీచరు గారికి,

పిట్టలలంక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కామేశం నమస్కరించి వ్రాయునది. ప్రధానోపాధ్యాయుడు అన్నానని బడి పెద్దదనుకోకండి. పాఠం చెప్పేదీ నేనే, గంట కొట్టేదీ నేనే.

మొన్న ఏలూరు ట్రైనింగులో వెనక బెంచీ మీద, గోల చేసే ఫాను కింద కూర్చున్నవాణ్ణి నేనే. మీరు చెప్పినదాంట్లో సగం ఆ ఫాను తినేసింది. మిగిలిన సగంలో ‘ఓపెన్ సోర్స్’ అన్న మాట విన్నాను. దాంతో టీచర్లే బొమ్మలూ మాటలూ పెట్టి సొంతంగా పాఠాలు తయారు చేసుకోవచ్చనీ, పిల్లలు నొక్కితే కంప్యూటరు తప్పొప్పులు చెబుతుందనీ విన్నాను. అది నాకు కావాలండీ.

మా బడికి ప్రభుత్వం వారు ఒక కంప్యూటరిచ్చారు. పడవలో వచ్చింది. ఆ వేళ ఊరంతా రేవులో ఉంది. మా ఆవిడ లలిత దానికి తన పట్టుచీర కప్పింది. పిల్లలు రోజూ చీర ఎత్తి, చూసి, మళ్ళీ కప్పుతున్నారు. ఇప్పటికి జరిగిన కంప్యూటరు విద్య ఇంతే. మా ఎం.ఇ.ఓ. సత్యనారాయణమూర్తి గారు వచ్చి, “దసరా సెలవుల్లోగా పిల్లలు దీని మీద చదువుతుండగా నేను చూడాలండీ. లేదంటే ఇంకో బడికి పంపేస్తాను” అన్నారు. ఆయన అన్నది న్యాయమే. కానీ కిందటేడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వారు కొట్టేసిన దగ్గర్నించీ ఈ ఊరి నుంచి పోయేవే గానీ వచ్చేవి లేవు. ఇదొక్కటే వచ్చింది. ఇదీ పడవెక్కి వెళ్ళిపోతే పిల్లల మొహాలు నేను చూడలేను.

మీ సహాయం కోరే
కామేశం

తా.క.: ‘ఓపెన్’ అన్నానని మా పక్కింటాయన స్క్రూడ్రైవరుతో సిద్ధంగా ఉన్నాడు. దేన్ని ఓపెన్ చెయ్యాలో కాస్త వివరంగా రాయగలరు.


(పోస్టు కార్డు)
ఏలూరు,
జూలై 14

కామేశం మాస్టారికి నమస్కారాలు.

మీరడిగిన సీడి సిద్ధంగా ఉంది. పూర్తిగా ఉచితం. ఎంతమందికైనా పంచుకోవచ్చు. మీ ప్రాంతానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఒకసారి లోపల వేశారంటే మిగతాదంతా అదే చూసుకుంటుంది. పోస్టులో పాడవుతుందని భయం, అందుకని ఎవరైనా మనిషిని పంపండి. స్క్రూడ్రైవరు వద్దు.

ఇట్లు
షంషున్నీసా

తా.క.: ఎండలో పెట్టకండి. ముఖ్యంగా నీళ్ళు తగలనివ్వకండి.


ఏలూరు,
జూలై 20

మాస్టారికి నమస్కారాలు.

నేను మనిషిని పంపమంటే మీరు ఊరిని పంపారు. నిన్న సాయంత్రం మా గుమ్మం ముందు వాను ఆగింది. అందులో నీలం డ్రమ్ములు, గాలి కొట్టే మోటారు, తలపాగాలు చుట్టుకున్న పెద్దమనుషులు. ముందుగా దిగినాయన తన పేరు సత్తిరాజు అనీ, మత్స్యకారుల సొసైటీ ప్రెసిడెంటుననీ చెప్పి, “ఎన్ని లక్షలుంటాయండీ?” అన్నారు.

“ఒకటేనండీ. కావాలంటే మీరే కాపీలు చేసుకోవచ్చు” అన్నాను. ఆయన మొహం అదోలా అయిపోయింది. “అంతా శీలావతేనా అండీ, బొచ్చె కూడా కలిపారా?” అన్నారు. మా వెనకింట్లో రిటైరైన లెక్కల టీచరు శీలావతమ్మ గారున్నారు. ఆవిడ కోసం వచ్చారేమోనని “వెనకింట్లో ఉంటారండీ” అని దారి చూపించాను. నలుగురు మగవాళ్ళు వల పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి ఆవిడ మడత మంచం ఎక్కేశారట. “నన్ను లక్షల్లో పట్టుకెళ్తారటమ్మా” అని ఇప్పటికీ తలుచుకుని నవ్వుతున్నారు.

చివరికి సీడీ ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఉన్న బొక్కలోంచి నన్ను చూసి, “సర్లెండి” అని వెళ్ళిపోయారు. టీ అయినా తాగలేదు. నా మాటలో ఏదైనా పొరపాటు ఉందా మాస్టారూ?

ఇట్లు
షంషున్నీసా

తా.క.: డ్రమ్ములు చూసి, మంచినీళ్ళకొచ్చారనుకుని మావారు మదార్ రెండు డ్రమ్ములు నింపేశారు. అవి ఏం చేసుకున్నారో.


పిట్టలలంక,
జూలై 27

షంషున్నీసా టీచరు గారికి,

నమస్కారం. ఏం రాయమంటారండీ. మీ కార్డు నాకన్నా ముందు ఊరు చదివింది. మా పోస్టుమాన్ విశ్వాసం పడవలో తెస్తుంటే తెడ్డు నీళ్ళు చింది సరిగ్గా ‘సీడి’ మీద పడ్డాయి. డకారం మీది గుడి కాస్తా కరిగి కిందికి జారి కొమ్మై కూర్చుంది. సీడి సీడు అయింది. మా కొల్లేట్లో సీడు అంటే చెరువుల్లో వేసే చేపపిల్ల! సత్తిరాజు అడిగిన శీలావతీ బొచ్చే ఆ చేపలే, శీలావతమ్మ గారు కాదు.

ఇక ఆ కార్డును రేవులో పైకి చదివించారు. ఉచితంట. ఎంతమందికైనా పంచుకోవచ్చట. ఒకసారి లోపల వేస్తే మిగతాదంతా అదే చూసుకుంటుందట. గట్లు పోయి దిగులుగా ఉన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి కబురు ఇంకేముంటుంది? మీ తా.క. దగ్గర మాత్రం కాసేపు చర్చ జరిగిందట. నీళ్ళు తగలకూడని చేపపిల్లేమిటని. “ఆవిడ అనేది వాన నీళ్ళనండీ! కొత్తనీరు పడదు పిల్లకి” అని సత్తిరాజు తేల్చేశాడు. నేను బడి వదిలి వచ్చేసరికి వాను కైకలూరు దాటిపోయింది.

ఇప్పుడు సత్తిరాజూ ఊరూ అనే మాట ఏమిటంటే, సీడు వచ్చిన మాట నిజమేననీ, మాస్టారే ఇంకెవరికో మళ్ళించేశాడనీ. ‘నిజమే చెప్పవలెను’ అని వీళ్ళందరి చేతా పలక మీద దిద్దించినవాణ్ణి. చాలా బాధగా ఉందండీ. కొందరు పిల్లల్ని కూడా పంపడం లేదు.

మీరిచ్చిన సీడీని సత్తిరాజు సొసైటీ మడుగు మీద దారం కట్టి వేలాడదీశాడు. ఎండకి తళతళలాడుతుంటే నీటికాకులు బెదిరి చేపల జోలికి రావడం లేదట.

ఇట్లు, తలెత్తుకోలేని
కామేశం

తా.క.: అలాంటివి ఇంకా ఉంటే పంపమంటున్నాడు. ఈ వారంలో అతను నాతో ఆడిన మాట ఇదొక్కటే.


ఏలూరు,
ఆగస్టు 6

మాస్టారూ,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నా మీద నాకే కోపమొచ్చింది. కార్డు రాయడం నా బుద్ధి తక్కువ. సత్తిరాజు గారికి క్షమాపణ విడిగా రాసి ఇందులోనే పెట్టాను, రేవులోనే చదివించండి.

సీడీ మళ్ళీ పంపుతున్నాను. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో ఈసారి ఫాను లేకుండా చెబుతాను. హోటల్లో పులుసు పోస్తారు గానీ ఎలా పెట్టారో చెప్పరు. ఈ పనిముట్టు చేసిన దేశదేశాల టీచర్లు పులుసూ పోశారు, ఎలా పెట్టారో కూడా చెప్పారు. పులుపు చాలకపోతే మీరు చింతపండు వేసుకోవచ్చు, పక్కింటికీ పంపచ్చు. ఎవరూ అడగరు. బొమ్మ పెట్టండి, ప్రశ్న రాయండి, జవాబులు పెట్టండి, గొంతు రికార్డు చెయ్యండి. పాఠం అయిపోయినట్టే. నమూనాకి నేను చేసిన ‘మన చేపలు’ పాఠం అందులో ఉంది. కొల్లేటి పిల్లలకి నచ్చుతుందని నా నమ్మకం.

ఇట్లు
షంషున్నీసా

తా.క.: విశ్వాసం గారి కోసం కవరు మీద పెద్దక్షరాలతో ‘ఇది చేప కాదు’ అని రాశాను. నెట్ సెంటర్లో పాడైపోయిన సీడీలు ఒక సంచెడు దొరికాయి. అవి నీటికాకులకు.


పిట్టలలంక,
సెప్టెంబరు 3

టీచరు గారికి నమస్కారం.

మీ క్షమాపణ రేవులో చదివించాను. సీడీల సంచి సత్తిరాజు తలకెత్తుకున్నాడు. ఆ సాయంత్రమే మా ఇంటికి రొయ్యలు వచ్చాయి. మేం తినమని తెలిసి కూడా పంపాడంటే, కోపం పోయిందనే అర్థం. పిల్లలందరూ బడికొచ్చారు. పట్టుచీర తీసి కంప్యూటరు మీట నొక్కాం.

కానీ టీచరు గారూ, కొత్త తగువు వచ్చిపడింది. మీ ‘మన చేపలు’లో మొదటి బొమ్మ చూసి పిల్లలంతా ఒక్క గొంతుతో “బొచ్చె!” అని, అదే నొక్కారు. లోపల్నించి మీ గొంతు వచ్చింది: “తప్పండీ. ఇది శీలావతి. మళ్ళీ ఆలోచించండి.” మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పన్నారు. “దీనికి చేపలు తెలీవండీ మాస్టారూ” అన్నారు పిల్లలు.

సాయంత్రానికి వాళ్ళ నాన్నలు వచ్చారు. తలొకరూ నొక్కారు. అందరికీ తప్పన్నారు మీరు. సత్తిరాజు మీ గొంతు గుర్తుపట్టాడు. “శీలావతి వెనకింట్లో ఉందన్నది కూడా ఈవిడేనండీ!” అని ఇంటికి పరిగెత్తి, బతికున్న బొచ్చెను తెచ్చి కంప్యూటరు ఎదురుగా పట్టుకున్నాడు. “చూడండమ్మా, తల ఎంతుందో చూడండి! శీలావతికి ఇంత తలుంటదాండీ?” మీరేమో, “మళ్ళీ ఆలోచించండి” అన్నారు.

అప్పుడు మీ చింతపండు గుర్తొచ్చింది. పాఠం తెరిచి పేరు దిద్దాను. పిల్లలు ఊరుకోలేదు. కొర్రమీను ఏదండీ, జెల్ల ఏదండీ అంటూ వాళ్ళే ప్రశ్నలు చెప్పారు. అసలు శీలావతిని కైకలూరు తీసుకెళ్ళి స్టూడియోలో ఫొటో తీయించాం. స్టూడియో అతను అలవాటు కొద్దీ వెనక పూలతోట తెర దించాడు. పాఠంలో గొంతు సత్తిరాజుది.

ఒక్క మాట చెప్పాలండీ. ఇన్నేళ్ళుగా పాఠ్యపుస్తకంలో తప్పు కనిపిస్తే గీత పెట్టి ఊరుకునేవాణ్ణి. ఎవరికి రాయాలో తెలిసేది కాదు. మా ఊరి పాఠాన్ని మేమే దిద్దుకోవడం నా సర్వీసులో ఇదే మొదటిసారి. ఆ రాత్రి సంతోషంతో నాకు అన్నం సహించలేదు.

ఇట్లు
కామేశం

తా.క.: దిద్దిన పాఠం పెన్ డ్రైవులో పంపుతున్నాను. పూలతోటలో ఉన్న శీలావతిని శీలావతమ్మ గారికి కూడా చూపించండి.


ఏలూరు,
సెప్టెంబరు 12

మాస్టారికి, సత్తిరాజు గారికి నమస్కారాలు.

ఓడిపోయాను. నేను ఫొటో తీసింది మార్కెట్లో కొని తెచ్చిన చేపకే. అంటే ఇన్నాళ్ళూ శీలావతి పులుసు అని నేను పెడుతున్నది బొచ్చె పులుసన్నమాట. మీ పాఠాన్ని మీ బడి పేరుతో, పిల్లల పేర్లతో ఇంటర్నెట్లో పెట్టాను. ఇకనుంచి ఎవరైనా తీసుకోవచ్చు. దసరా దగ్గర పడుతోంది. ఎం.ఇ.ఓ. గారు వచ్చి వెళ్ళగానే రాయండి. ఇక్కడ శీలావతమ్మ గారూ నేనూ రోజూ అదే మాట్లాడుకుంటున్నాం.

ఇట్లు
షంషున్నీసా

తా.క.: మావారిని అడిగితే, “అది బొచ్చెని నాకు పెళ్ళైన కొత్తల్లోనే తెలుసు” అన్నారు. చెప్పలేదేమని అడిగితే, “పులుసు బాగుంది కదా” అన్నారు.


పిట్టలలంక,
అక్టోబరు 9

షంషున్నీసా టీచరు గారికి,

శుభం. సత్యనారాయణమూర్తి గారు నిన్న వచ్చారు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లలు కంప్యూటరు చుట్టూ ఎంతగా మూగారంటే, ఆయన్ని ఎవరూ చూడలేదు. ఒక పిల్ల కుర్చీ ఖాళీ చేసి, “మీరు కూడా నొక్కండి సార్” అంది. ఆయన నొక్కారు. సత్తిరాజు గొంతు బడి దద్దరిల్లేలా వచ్చింది: “కాదండీ బాబూ! తల చూడండి, తల!” నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ నొక్కి, ఒప్పు వచ్చాక చప్పట్లు కొట్టారండీ!

“కంప్యూటరు ఇక్కడే ఉంటుంది మాస్టారూ” అన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, “మిమ్మల్నే పంపేస్తాను. ఏలూరులో ఉండి అన్ని బళ్ళ టీచర్లకీ ఇది నేర్పండి” అన్నారు. పిల్లలు మీటల మీంచి చేతులు తీసేశారు.

కిటికీ బయట నుంచి సత్తిరాజు అందుకున్నాడు. “ఏవండీ సార్, మా మాస్టారు కూడా ఓపెన్ సోర్సేనండీ. ఎవరైనా వాడుకోవచ్చు. కాపీలు మీక్కావలసినన్ని తీసుకోండి. ఒరిజినలు మాత్రం లంక దాటదండి, ఆయ్!”

నేను సీడు మళ్ళించేశానన్న నోటితోనే ఆ మాట అన్నాడు. నేను నల్లబల్ల వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఎం.ఇ.ఓ. గారు నవ్వేసి, అయితే టీచర్లనే బ్యాచీలుగా ఇక్కడికి పంపుతానన్నారు. సెలవులయ్యాక మొదటి పడవ వస్తుంది. అందులో మీరుండాలి. మదార్ గారినీ, శీలావతమ్మ గారినీ వెంటపెట్టుకు రండి.

ఇట్లు, లంక దాటని
కామేశం

తా.క.: ఈ ఉత్తరం తెచ్చినతని చేతిలో గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచి ఉంటుంది, తీసుకోండి. సొసైటీకి ఈ ఏడు నిజంగానే సీడు వచ్చింది. మీ వంతు సత్తిరాజు పంపాడు. అంతా శీలావతే. పూర్తిగా ఉచితం. ఎంతమందికైనా పంచుకోవచ్చు. ఎండలో పెట్టకండి. నీళ్ళు మాత్రం తప్పకుండా తగలనివ్వండి.