గోడ మీది నీళ్ల గీత

బాపూ, కాలేజీల పరీక్ష ఉంది, పోతున్న. అన్నం, పప్పు మూత పెట్టి ఉంచిన. ఇంటికి వరద ఇన్సూరెన్స్ చేస్తనన్న ఏజెంటు పదకొండింటికి వస్తడు. చాయ్ ఇయ్యి, సంతకం మాత్రం పెట్టకు.

ఆయన ఇచ్చిపోయిన కాగితం చదివిన. ఇంట్లకు ఎప్పుడన్నా వరద నీళ్లు వచ్చినయా అని అడిగిన కాడ 'లేదు' అని రాసుంది. అక్షరాలు ఆయనవే. "గట్ల రాస్తేనే పని జల్ది అయితది భాయ్" అని ఆయన నీతోని అంటుంటే తలుపు ఎనక నుంచి విన్న. రేపు మళ్ల నీళ్లొస్తే, మీరు అబద్ధం చెప్పిన్రని కంపెనీ చేతులెత్తేస్తది. అప్పుడు ఈయన మన ఫోన్ ఎత్తుతడా?

ఇంకోటి. బోనాల కోసమని రంగేయించినవ్. పండుగకైతే ఇల్లంతా వేయిస్తరు. అప్పటి వరదకు పడ్డ నీళ్ల గీత ఉన్న ఒక్క గోడకే ఎందుకు వేయించినవ్? నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

అందుకే ఆ గోడను చెంచాతో గీకిన. గీత మళ్ల కనిపిస్తుంది. దానికి అడ్డంగా బీరువా జరపకు, ఆయనను చూడనియ్యి. చూసినంక కూడా 'లేదు' అనే ఉంచుతనంటే ఆ కాగితం మనకొద్దు.

ఆశ్రిత

ఆ గీత నీ ఛాతీ దాకా ఉంది. నాలుగో తరగతిల ఉన్న నాకు నెత్తి మునిగేది. నన్ను భుజాల మీద కూసోబెట్టుకొని గల్లీ దాటించి, మసీదు మెట్ల మీద దించినవ్. అది జరగనే లేదని ఎట్ల సంతకం పెడ్తవ్ బాపూ?