అత్తగారి కోసం పంపిన మంచుబండి

ప్రియమైన ఐనోకు,

నువ్వు పంపిన కాఫీ గింజలు అందాయి. క్రిస్మస్‌కి వస్తావనుకున్నాను. పండక్కి వండిన పంది మాంసం ఒక్కదాన్నే ఎన్నాళ్లని తినను? నీ ఉత్తరాలూ పొట్టివైపోతున్నాయి. బేకరీలో పని ఎక్కువంటావు, సరే.

ఇక్కడ పడమటి గాలి ఆగడం లేదు. గడ్డకట్టిన అఖాతం అడుగున సముద్రం మూలుగుతోంది. పచ్చిక దాకా నీళ్లొచ్చాయి. పొరుగింటి యూహాన్ గుట్ట మీది బడికి సామాను మోసుకుపోతూ, "నువ్వూ రా సల్మే, చేపలతో కాపురం చేస్తావా?" అన్నాడు. "నీ గురకకన్నా చేపలే నయం, పో" అన్నాను.

ఎండెల్ పుట్టిన ఇల్లిది. సముద్రం నా కొడుకును తీసుకుంది, ఇంటిని కూడా ఇచ్చెయ్యమంటే ఎలా? గొర్రెల్ని ఎవరు చూస్తారు?

నీ అత్తయ్య,
సల్మే


ప్రియమైన అత్తయ్యా,

పెనుగాలి, మంచు, సముద్రపు పోటు మూడూ కలిసి వస్తున్నాయని రేడియోలో చెబుతున్నారు. ఇక్కడ హాప్సాలు పట్నంలోనే ఇళ్ల కప్పు రేకులు ఎగిరిపోతున్నాయి. ఆయనే ఉంటే మిమ్మల్ని భుజాన వేసుకుని తెచ్చేవారు.

మంచు మీద జారే బేకరీ గుర్రపు బండి పంపుతున్నాను. తోలే అతని పేరు కాల్యో, నెమ్మదస్తుడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. అతన్ని కసరకండి. గొర్రెల్ని యూహాన్‌కి అప్పగించి, దయచేసి బయలుదేరండి.

మీ కోడలు,
ఐనో


ప్రియమైన అత్తయ్యా,

మీ దగ్గర్నుంచి కబురు లేదు, కాల్యో తిరిగి రాలేదు. దారిలో మంచు తవ్వుతున్నవాళ్లకు మన బండి తలకిందులుగా దొరికిందట. గుర్రం లేదు, మనిషి లేడు.

ఇక దాచలేను. కాల్యో నాకు వట్టి బండివాడు కాదు. ఆకులు రాలే రోజుల్లో పెళ్లి మాట అడిగాడు, సరేనన్నాను. మీ ముఖం చూస్తూ దాచడం చేతకాకే క్రిస్మస్‌కి రాలేదు. బండి పంపాలని అనుకోగానే, "నేనే వెళ్తాను. ఎప్పటికైనా ఆవిడ ముందు నిలబడాలి కదా" అని నవ్వాడు.

అతన్ని నేనే పంపానత్తయ్యా. నన్ను తిట్టండి, కోడలివి కాదు పొమ్మనండి. ఒక్క మాట మాత్రం రాయండి.

ఐనో


ప్రియమైన ఐనోకు,

ముందు కళ్లు తుడుచుకో. ఇద్దరం బతికే ఉన్నాం. బడిలో కూర్చుని రాస్తున్నాను. వేళ్లు వాచాయి, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

సముద్రం మంచుపలకల్ని ఇంటి మీదికి తోసింది. వంటింటి గోడ కూలింది. అటకెక్కి కూర్చున్నాను. దారిలో బండి బోల్తాపడితే వదిలేసి, నడుంలోతు నీళ్లలో గుర్రాన్ని లాక్కుంటూ ఒక మనిషి వచ్చాడు.

"దూకండమ్మా, పట్టుకుంటాను!"

"నా గొర్రెలు?"

"దొడ్డి తీశాను, గుట్టెక్కాయి. నేను గడ్డకట్టేలోపు దూకండమ్మా!"

దూకాను. ఇద్దరం నీళ్లలో పడ్డాం. తన కోటు నాకు చుట్టి, నన్ను గుర్రమెక్కించి, తను నడిచాడు. బడి గుమ్మంలో కుప్పకూలాడు.

జ్వరంలో నీ పేరు పలవరించాడు. ఏ బండివాడూ యజమాని కొట్లో పనిచేసే పిల్ల పేరు అలా పలకడు. నాకు అప్పుడే తెలిసింది. కోపం వచ్చింది ఐనో, అబద్ధమెందుకు. చేతిలోని పాలగిన్నె కింద పెట్టి బయటికెళ్లి, మంచులో నిలబడి నా కొడుకు కోసం ఏడ్చాను. లోపల ఇతను దగ్గుతున్నాడు. వెళ్లి తల ఎత్తి పాలు తాగించాను.

నిన్న లేచి కూర్చున్నాడు. "నా కోడల్ని చేసుకునేవాడివి, ఆ మాట ఎప్పుడు చెబుతావయ్యా?" అన్నాను. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఎడమకాలి రెండు వేళ్లు డాక్టరు తీసేశాడు. పెళ్లిలో నీతో నాట్యం ఎలా చేస్తానా అని బెంగ పడుతున్నాడు. ఎండెల్‌కి పది వేళ్లుండీ అడుగు పడలేదు, నీ పాదాలు తొక్కుతూనే ఉన్నాడని చెప్పాను. ఇద్దరం నవ్వాం.

ఇల్లు పోయింది. బళ్లకు దారి తెరవగానే వస్తున్నాం. ఎండెల్ పోయిన దుఃఖంలో ఇన్నాళ్లూ నేను తొడుక్కున్న నల్లబట్టలన్నీ సముద్రం పట్టుకుపోయింది. పెళ్లికి ఏం వేసుకోను? నీలం ఉన్ని గుడ్డ చూసిపెట్టు. నల్లది వద్దు.

మీ ఇద్దరి
సల్మే