రెండూ కుడి చేతులే!

అక్టోబరు 15, 1956. సోమవారం. షెఫీల్డ్.
కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగి తూలుతున్నాయి. తూలనీ.

మా కత్తెర్ల ఫ్యాక్టరీలో నోటీసు పెట్టారు. మేడ మీద కిటికీ పక్క బల్లకు ‘డెక్స్‌టరస్’ పనివాడు కావాలట. పరీక్ష నవంబరు 2న.

గ్రంథాలయంలో నిఘంటువు తిరగేశాను. అర్థం: నేర్పరి. పుట్టుక: లాటిన్‌లో ‘కుడివైపు’ అనే మాట.

అంటే నేర్పంటేనే కుడి చెయ్యి! నాది ఎడమ చేతివాటం. రోమన్లు రెండు వేల ఏళ్ల కిందటే నా మొహాన తలుపేశారు!

తీర్మానం: పరీక్ష దాకా ప్రతి పనీ కుడి చేత్తోనే. ఎడమది పట్టుకోవడానికి మాత్రమే. బల్ల నాదే!

అక్టోబరు 16.
ఉదయం 6.10: కుడి చేత్తో గడ్డం. మూడు చోట్ల కాగితం ముక్కలు అంటించాను.
7.30: సుత్తి కుడి చేతిలో. దెబ్బ ఎడమ బొటనవేలి మీద.
12.15: బఠానీలు. నోట్లోకి పదకొండు. మేస్త్రీ స్టానిఫోర్త్ కాలరులోకి ఒకటి.
“ఒరేయ్ పుర్రోడా! నా వీపు మీద విత్తనాలు చల్లుతున్నావేంట్రా?”
అయినా ఆరంభం అదిరింది!

అక్టోబరు 19.
ఎందుకీ పంతమంటే: బ్లేడ్లకు సుత్తితో సన్నటి వంపు తెచ్చి, రెండింటినీ కలిపే మరమేకు బిగించి, గుడ్డ కోసి చూడాలి. ఎడమ చేత్తో కోస్తే నా బొటనవేలే బ్లేడ్లను విడదీస్తుంది. గుడ్డ నలుగుతుంది తప్ప తెగదు. ఇంకా బిగిస్తాను. తీరా అవి కుడిచేతి వాళ్లకు కదలవు. రెండేళ్లు తిట్లు తిన్నాను. కారణం ఒక్కడూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను.

ఇప్పుడు కుడి చేత్తో కోసి చూస్తున్నాను. దానికేమో అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మొద్దు చెయ్యి.
“నిన్నటిదాకా పట్టకార్లు చేశావ్. ఇవాళేమో లొడలొడలాడే తలుపు గొళ్లాలు. కత్తెర ఎప్పుడు చేస్తావ్ నాయనా?” అన్నాడు మేస్త్రీ.

అక్టోబరు 24.
డైరీ ఎడమ చేత్తోనే రాస్తున్నాను, ఎందుకంటే డైరీ పని కిందికి రాదు. టీ కప్పు కూడా రాదు. బూట్ల తాళ్లు, తలుపులు, ఆదివారాలు అసలే రావు.

ఇంకో ఘోరం. రెండు చేతులూ సమంగా ఆడేవాణ్ణి ఏమంటారో వెతికాను: ‘ఆంబిడెక్స్‌టరస్’. ఆ మాటకు అసలు అర్థం ‘రెండూ కుడి చేతులే’నట! ఎడమ చెయ్యి బాగా పనిచేస్తే దాన్నీ కుడి ఖాతాలో వేసుకున్నారు, దొంగలు!
“బాబూ, అరవకండి” అంది గ్రంథాలయం చూసుకునే ఆవిడ.
“మొదలుపెట్టింది రోమన్లండీ!”
బయటికి పంపేశారు.

అక్టోబరు 29.
కుడి మణికట్టు వాచింది. సుత్తి ఎడమ చేతిలోకి అదే వచ్చింది. నేను పిలవలేదు.
పక్కన మెరుగు పెట్టే ఎడిత్ అక్క చూసింది. “ఆ కుడి చెయ్యి ఎక్కడ అద్దెకు తెచ్చావురా విల్‌ఫ్రెడ్?”
“పోవే అక్కా!”
“నోర్ముయ్. సుత్తి నీకొచ్చిన చేత్తో కొట్టుకో. కోసి చూడ్డానికి నా చెయ్యి లేదూ?”
నేను కొట్టాను. తను కోసింది. “బిగుతు.” కొట్టాను. “ఇంకొంచెం.” కొట్టాను. “ఆఁ!”
తడి కాగితం వెన్నలా తెగింది. తీర్మానం కూడా.

నవంబరు 2.
పరీక్షకు ఆరు కత్తెర్లు. మేస్త్రీ టీకి వెళ్లిన పావుగంటలో అక్కా నేనూ ముగించాం. ఆయనొచ్చి ఆరూ కోసి చూశాడు.
“శభాష్! కుడి చెయ్యి సాధించావ్‌రా. బల్ల నీదే.”
మెచ్చుకోలు కుడి చేతికా! నాకు మండిపోయింది.
“ఎడమ చేత్తోనే కొట్టాను! కోసి చూసింది అక్క!”
పనివాళ్లంతా నవ్వారు. మేస్త్రీ కత్తెర ఇచ్చాడు. “ఏదీ, ఆ చేత్తో కొయ్యి.”
కోశాను. గుడ్డ నలిగింది.
“చూశావా? ఎడమ చేత్తో నీకేమీ రాదు. సోమవారం మేడెక్కు.”

నవంబరు 5. సోమవారం.
మేడ మీద. కిటికీ. వెలుగు బ్రహ్మాండం.
అక్క కింద. ఇక్కడ నేనొక్కణ్ణే.
కాబట్టి మళ్లీ ఒకటో రోజు. ఈసారి గట్టిగా! కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమది జేబులో. బయటికి రాదు.
7.40: సుత్తి కనబడటం లేదు.
7.55: బల్ల కింద లేదు. మెట్ల మీద లేదు.
8.05: దొరికింది. జేబులో. గట్టిగా పట్టుకునే ఉన్నాను.