అమ్మీ చేతికి సూది లేని పట్టీ

అబ్బా, సలాం.

నువ్వు పోయి రెండేళ్లు నిండాయి. శామీర్‌పేటలో మన పాలకూర మడులు ఇప్పుడు తమ్ముడే చూసుకుంటున్నాడు. కట్టలు కట్టి మేడ్చల్ మార్కెట్‌కు తీసుకెళ్తాడు. నీలాగా బేరం మాత్రం ఆడలేడు... మొహమాటం ఎక్కువ.

అమ్మీకి కూడా షుగర్ వచ్చింది. కంగారు పడకు. ఒక ఆసుపత్రివాళ్లు కొత్త పట్టీ ఒకటి పరీక్షిస్తుంటే అమ్మీ పేరు రాయించాను. గడియారంలా మణికట్టుకు కట్టుకుంటే చాలు. సూదీ లేదు, రక్తమూ లేదు. షుగర్ పడిపోతుంటే అదే మోగుతుంది. ఇంకా ప్రయోగంలోనే ఉంది కాబట్టి, మోగినప్పుడు వేలికి గుచ్చి కూడా చూసుకోవాలన్నారు.

నువ్వు ఉంటే దాన్ని చూసి ఎంత మురిసిపోయేవాడివో! ఏడాదంతా పొద్దున్నే వేలు గుచ్చుకునే మనిషివి, రంజాన్ ఉపవాసాలు మొదలైతే ఆ షుగర్ చూసే మిషన్‌ను అలమరలో పెట్టేసేవాడివి. "రక్తం వస్తే రోజా పోతది బేటా... గీ నెల దాని జోలికి రాకు" అనేవాడివి. మేమూ నమ్మాం. నెలవంక కనిపించిందా, జకాత్ దానం ఎంతివ్వాలి అని మసీదుకు వెళ్లి అడిగేవాళ్లం. ఈ ఒక్క మాట ఎందుకు అడగలేదు?

ఆ రోజు మడుల దగ్గర నీకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఎండదెబ్బ అనుకున్నాం. నెత్తిన తడి తువ్వాలు వేశాం. తమ్ముడు నీళ్లు తాగమని బతిమాలితే "పొద్దుగాల సంది ఉన్నోణ్ని, ఇగ గింతసేపు ఉండలేనా?" అన్నావు. అదే నీ ఆఖరి మాట. అల్వాల్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ఇఫ్తార్ అజాన్ వినిపించింది... నీకు వినిపించిందా?

షుగర్ బాగా పడిపోయిందని అక్కడి డాక్టర్ చెప్పాక గానీ మాకు తెలియలేదు.

నలభయ్యో రోజున ఇమాం సాబ్ ఇంటికి వచ్చినప్పుడు తమ్ముడు అడిగాడు. పరీక్ష కోసం వేలు గుచ్చుకుంటే రోజా పోదట. ప్రాణం మీదికి వస్తే రోజా విడిచి, తర్వాత తీర్చుకోవచ్చట. అమ్మీ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మొన్న ఇఫ్తార్‌కు పండ్లు కోస్తుంటే అమ్మీ పట్టీ మోగింది. నీ మిషన్‌తోనే వేలు గుచ్చి చూశాను. నిజంగానే తగ్గింది. అమ్మీ అజాన్ కోసం ఆగకుండా షర్బత్ తాగింది, ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఆ తర్వాత ఏడ్చింది చూడు... నేను పట్టుకోలేకపోయాను.

నీ రోజుల్లో ఈ పట్టీ లేదే అని కాదు అబ్బా నా బాధ. నీ మిషన్ ఇంట్లోనే ఉంది. ఇమాం సాబ్ రెండు వీధుల అవతలే ఉన్నారు. అయినా నిన్ను పోగొట్టుకున్నాం.

డాక్టర్ సరేనంటే, విడిచిన ఆ రోజాను అమ్మీ పండగ తర్వాత తీర్చుకుంటుంది. ఆ రోజు నీ పేరు మీద నేనూ ఒకటి ఉంటాను. ఉండాల్సిన అవసరం లేదని ఇమాం సాబ్ అన్నారు. ఈసారి ముందే అడిగాను.

నీ నస్రీన్