నీ నాలుక చెప్పిన చౌడు

బాపూ, నువ్వు పోయిన ఇన్నేళ్లకు కలం పట్టాను. ఇవాళ చూసింది నీకు చెప్పకపోతే నా మనసు నిలవదు.

పోయిన వారం మన దుక్కి మీద డ్రోన్ ఎగరేసిన ఉట్నూర్ వ్యవసాయ అధికారి, ఇవాళ చేను బొమ్మ తెచ్చి చూపించాడు. మన కంటికి అందని వందల రంగులను విడివిడిగా పట్టే కెమెరా అట అది! బొమ్మలో వాగు వైపు మూల ఒక్కటే ఎర్రగా ఉంది.

"గిక్కడ చౌడెక్కుతున్నదమ్మా. కంటికింక కనబడలే," అన్నాడు.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "అక్కా, బాపు రాళ్లు పాతింది గీడనే గదా! రేపు అవి పీకేసి పత్తి పెడుదామనుకున్న. ఇగ చౌడు విరిచే జీలుగనే చల్లుత."

మట్టి నాలుక మీద వేసుకుని, అక్కడ చౌడుందని గుర్తుగా నువ్వు పాతిన నాలుగు రాళ్లే, బాపూ! ఊరంతా "మట్టి మల్లయ్య" అని నవ్వేది. నేనైతే ఆ నోటితో దేవుడి గదిలోకి రావద్దని నిన్ను గడప బయటే నిలబెట్టేదాన్ని.

సాయంత్రం ఆ మూల మట్టి చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పగా తగిలింది. నోరు కడుక్కోకుండానే దేవుడికి దీపం పెట్టాను.

ఈ కాగితం నీ ఫొటో వెనక పెడుతున్నాను. భద్రంగా ఉంచుకో, ఎవరికీ చూపకు. తమ్ముడికి దొరికితే నన్నూ మట్టి మల్లవ్వ అంటాడు.